చెట్టెక్కమన్న చెంచిత

1958లో వచ్చిన ‘చెంచులక్ష్మి’ సినిమా కథ మరిచిపోయినవాళ్లకు కూడా ఒక పాట గుర్తుంటుంది. తనను కోరి వచ్చిన నరహరిని చెంచుపిల్ల నిలబెట్టి, చెట్టెక్కడం మొదలు అడవి పనులు చేతనవునా అని అడుగుతుంది. ఘంటసాల, జిక్కి పాడారు. దాన్ని అందరూ కొంటె పాట అంటారు. మేము యానాదులం, చెంచులం కాము. అయినా మాకది పరీక్షలా వినబడుతుంది. కొత్తవాడు అడవిలో బతకగలడా అని తెలుసుకోవాలి గదా. సూటిగా అడిగితే అతడికి అవమానం. నవ్వుతూ అడిగితే నవ్వుతూ బదులిస్తాడు. నరహరి చేసిందీ అదే. దేవుణ్ణని చెప్పుకోలేదు, కొమ్మెక్కుతానన్నాడు.

మా ఏర్పేడుకు శ్రీకాళహస్తి దగ్గరే. అక్కడి తిన్నడు కళ్లిచ్చి కన్నప్ప అయ్యాడు, ధూర్జటి కావ్యానికెక్కాడు. ఇచ్చే ఆదివాసిని పొగడడం లోకానికి సులువు. చెంచిత ఏమీ ఇవ్వలేదు, అడిగింది. మాకు ఆమే ఎక్కువ ఇష్టం.

సినిమా మాత్రం ఆమెను ఆదిలక్ష్మి అవతారం చేసేసింది. రెండు వేషాలూ అంజలీదేవే. దాంతో ఆ మాటకారితనం గూడెం పిల్లది కాకుండా పోయి, వైకుంఠం నుంచి తెచ్చుకున్నదయింది. ఇది మాకు నచ్చదు. అహోబిలం చెంచులు నరసింహస్వామిని తమ ఇంటి అల్లుడంటారు. సంక్రాంతి తర్వాత దాదాపు 40 రోజులు సాగే పారువేటలో స్వామి తన పెళ్లికి ఊరూరా తిరిగి పిలుస్తాడని చెప్పుకుంటారు. అల్లుడైతే ఆటపట్టించవచ్చు. వరస కలిసింది గనుక అతడూ కోప్పడడు, తిరిగి ఒక మాట అంటాడు.

మా పిల్లలు ఆరో తరగతికి కొత్త బడిలో చేరితే వినబడే మొదటి పలకరింపు వేరు. “ఎలకలు తింటారంట గదరా?” చుట్టూ నవ్వులు. సరదాకన్నార్లే అని పెద్దలు సర్దిచెబుతారు. సరదా అయితే వీడికీ ఒక మాట అనే వంతు ఉండాలి. “మీ చేలో ఎలకలు పట్టమని మీ నాయనే గదా మా నాయన్ను పిలిచింది” అని వీడంటే అది పొగరు. వరి గట్లు తవ్వి ఎలకలు పట్టేది యానాదులేనని, గింజ దక్కేది రైతుకేనని ఆ తరగతిలో అందరికీ తెలుసు.

చెంచులక్ష్మి పాటకు వార్షికోత్సవాల్లో ఇప్పటికీ డాన్సు కడతారు. చెంచిత వేషం మా ఆడపిల్లకు వచ్చింది మేమెప్పుడూ చూడలేదు. పావడాకు ఆకులు కోసుకొచ్చేది మాత్రం ఆ పిల్లే.