స్కాను తీయుట వచ్చినది, దాచుట ఎప్పుడు?

ఫిలిము కవరు చంకన పెట్టుకొని ఆదిలాబాదు నుండి సుమారు 300 కిలోమీటర్ల దూరమున నున్న హైదరాబాదుకు బస్సెక్కువారిని మనము తరచు చూచుచున్నాము. నిరుడు కరీంనగరము నుండి మా పెదనాన్నగారును అట్లే బయలుదేరిరి. ఊపిరితిత్తిలో చిన్న గడ్డ కనబడినది. అచ్చటి వైద్యుడు మొదట అడిగినది ఒక్కటే: "పాత స్కాను ఉన్నదా?" గట్టి గడ్డ రెండేండ్లుగా పెరగకున్నచో అది చాలవరకు అపాయకరమైనది కాదు. మూడేండ్ల క్రిందట ఆయనకు స్కాను తీసిరి. కాని ఫిలిమును చెదలు తిన్నవి. తీసినచోట అడుగగా, "చోటు చాలక తుడిచివేసితిమి" అనిరి. ఇక నెలల తరబడి ఆగి చూడవలసి వచ్చినది.

చోటు నిజముగా చాలదా? లెక్క వేయుదము. ఒక సి.టి. చిత్రమున అడ్డముగ 512, నిలువున 512, వెరసి 2,62,144 బిందువులుండును. బిందువునకు 2 బైట్ల చొప్పున చిత్రమునకు అర మెగాబైటు. ఒక రోగికి 500 చిత్రములైనచో 250 మెగాబైట్లు. దినమునకు 40 మందికి తీసినను 10 గిగాబైట్లు. ఏడాదికి సుమారు మూడున్నర టెరాబైట్లు. నేడు అరచేతిలో పట్టు డిస్కులో ఇది ఇమిడిపోవును. కొరత చోటుది కాదు, శ్రద్ధది.

ఫిలిమును సెల్‌ఫోనుతో ఫోటో తీసి ఉంచిన చాలదా యని విద్యార్థులు అడుగవచ్చును. చాలదు. సి.టి. యంత్రము 4,096 ఛాయల వరకు నమోదు చేయును; మామూలు ఫోటోలో నిలుచునవి 256. ఊపిరితిత్తి కనబడునట్లు అచ్చువేసిన ఫిలిములో ఎముక వట్టి తెల్లని మచ్చ. మూలచిత్రమున్నచో వైద్యుడు రెండింటిని వేరువేరుగ పరీక్షింపగలడు. 1993లో వెలువడిన డైకామ్ ప్రమాణము వలన ఒక కంపెనీ యంత్రము తీసిన చిత్రమును మరియొకచోట తెరచి చూడవచ్చును.

2002 నాటి వైద్య నియమావళి ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను మూడేండ్లు ఉంచవలెననియు, అడిగిన 72 గంటలలో ఇవ్వవలెననియు చెప్పుచున్నది. స్కాను తీయించుకొని ఇంటికి పోవువారికి ఈ మూడేండ్ల గడువు వర్తింపదు. ఇది పెద్ద లోపము.

ఒక్క ప్రతి దాచినను చాలదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపై దాడి జరిగి, కొన్ని దినములు పని చేతివ్రాతతో నడచినది. రెండవ ప్రతి వేరొకచోట, పరులకు అందకుండ ఉండవలెను.

ఆదిలాబాదున రిమ్స్ 2008లో మొదలైనది. మన ప్రాంతమునకు వైద్యమును, యంత్రములును దగ్గరైనవి. యంత్రముతోబాటు నిలువ ఏర్పాటును కూడ కొననిచో ఆ కొనుగోలు సగమే. అంతవరకు పాఠకులు ఫిలిముతో తృప్తిపడక, మూలచిత్రములను సీడీలోనో పెన్‌డ్రైవులోనో అడిగి తీసికొందురు గాక.