నీటిమట్టం చూసి పిట్టల దగ్గరికి

డిసెంబర్ వచ్చిందంటే మా ఇందూరు రైతు పేపర్‌లో ముందు వెతికేది శ్రీరాంసాగర్ నీటిమట్టం. యాసంగికి కాకతీయ కాలువ ఎన్ని తడులిస్తుందో ఆ అంకెను బట్టే తేలుతుంది. నేనూ అదే అంకె చూస్తాను, పిట్టల కోసం.

ప్రాజెక్టు 1091 అడుగులకు నిండి ఉంటే పోచంపాడ్ కట్ట మీద నిలబడి చూడ్డం దండగ. నడిమధ్య నల్లటి చుక్కలు కనిపిస్తాయి, అవి బాతులని నమ్ముకోవాలి. కాలువలకు నీళ్లు వదిలి మట్టం దిగేకొద్దీ నందిపేట వైపు బ్యాక్‌వాటర్‌లో శిఖం భూములు బయటపడతాయి. బురద, మోకాటి లోతు నీళ్లు, లేత గడ్డి. సూదితోక బాతులు తలకిందులై మేసేది అక్కడే. హిమాలయాలు దాటి పట్టెతల బాతులు దిగిన ఏడు ఒడ్డున గడ్డి కొరుకుతూ దొరుకుతాయి. తల వెనక రెండు నల్ల పట్టీలే వాటి గుర్తు. 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన ఈ ప్రాజెక్టును 112 టీఎంసీలకు లెక్కగట్టారు. పూడిక అందులో చాలా మింగేసింది. రైతుకు నష్టమైన ఆ ఒండ్రు మీదే పిట్టలు బతుకుతున్నాయి. ఈ మాట ఊళ్లో గట్టిగా అనను.

గల్ పక్షుల సంగతి వేరు. వాటి కళ్లన్నీ వల లాగే తెప్పల మీదే. టిబెట్, లడఖ్ సరస్సుల దగ్గర గుడ్లు పెట్టే గోధుమతల గల్‌కు చలికాలంలో ఆ గోధుమరంగే ఉండదు, కంటి వెనక నల్లమచ్చ మాత్రం మిగులుతుంది. అందుకే తల సంగతి వదిలేసి రెక్క కొస చూడాలి: నలుపులో తెల్లమచ్చలు. ఎర్ర ముక్కు, పాలిపోయిన కన్ను. ఆ చూపులో మర్యాద తక్కువే. పసుపు ముక్కు టెర్న్ చేపతో లేచిందంటే వెంటపడి, వదిలేదాకా తరుముతుంది.

1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలో జరుగుతుంది. వేల గుంపును ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టలేరు. ముందు పది లెక్కపెట్టి, ఆ పదీ ఎంత జాగా పట్టాయో కంటికి అలవాటు చేసుకుని, గుంపంతా ఆ జాగాతో కొలుచుకుంటూ పోవాలి. గట్టు మీద నిలబడి ఎకరానికి ఎన్ని బస్తాలో చెప్పే పెద్దరైతు చేసేదీ ఇదే. గుంపు లేస్తే మాత్రం లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

నిలబడే చోటు మీదే మాకు పేచీ. చలికాలం పొద్దు దక్షిణానికి వాలుతుంది కాబట్టి నందిపేట ఒడ్డున వెలుగు మన వీపు వెనక ఉంటుంది. ఆవలి నిర్మల్ ఒడ్డు నుంచి చూస్తే ఎండ కళ్లలో పడి గల్ కూడా కాకిలా నల్లగా కనిపిస్తుంది. నిర్మల్ మిత్రులు ఒప్పుకోరనుకోండి.