ధర్మనిధి పెద్దల పనితనం
యూదు సమాజాలలో అనాథలకూ నిరుపేద కుటుంబాలకూ వారం వారం తిండి ఖర్చు అందించిన 'కుపా' అనే ఉమ్మడి ధర్మనిధిని నడిపినవారు గబ్బైలు, అంటే సంఘం నియమించిన వసూలుదారులు. సుమారు క్రీ.శ. 200 నాటి ధర్మసంహిత మిష్నా ఈ నిధిని ఇద్దరు వసూలు చేయాలనీ ముగ్గురు పంచాలనీ నిర్దేశించగా, ఎవరికెంత ఇవ్వాలన్నది ధనవివాదంలో తీర్పు వంటిదే కనుక న్యాయపీఠంలో వలె ముగ్గురు కావాలని మిష్నాపై చర్చల గ్రంథమైన తాల్ముద్ వివరించింది. వీధిలో నాణెం దొరికినా గబ్బై దానిని సొంత సంచిలో కాక ధర్మపు సంచిలోనే వేసి, ఇల్లు చేరాకే తీసుకోవాలి. అనుమానానికి తావివ్వని ఈ జాగ్రత్త నిజంగా గొప్పది. అంతకన్నా మనసును కదిలించేది, అనాథ యువకుడికి ముందు ఇల్లు అద్దెకు తీసుకుని, మంచమూ సామానూ అమర్చి, ఆ తరువాతే పెళ్లి చేయాలన్న క్రమం. కుపా లేని యూదు సంఘాన్ని తాను చూడలేదనీ విననూ లేదనీ 12వ శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ రాశాడు.