అంతరిక్ష నౌకాశ్రయంలో అతిథి

విజ్ఞాన కల్పనా సాహిత్యంలో అంతరిక్ష కేంద్రం ఒక విచిత్రమైన ఊరు. అక్కడ పుట్టి పెరిగినవారు తక్కువ, వచ్చి పోయేవారు ఎక్కువ. వర్తకులు, రాయబారులు, దేశం విడిచి పారిపోయి వచ్చినవారు ఒకే కప్పు కింద తలదాచుకొంటారు. పీల్చే గాలిని సైతం ఎవరో ఒకరు సరఫరా చేయవలసిందే. అటువంటి చోట అతిథికి అపకారం జరిగితే ఏ చట్టం వర్తిస్తుంది? విచారించే అధికారం ఎవరిది? ఈ ప్రశ్నలను చాలామంది నవలాకారుల కంటే శ్రద్ధగా పట్టించుకొన్నవారు పాత్రధారణ క్రీడలను రూపొందించినవారు. ఈ క్రీడలో నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చొని, తలకొక పాత్రను ధరించి, నిర్వాహకుడు వర్ణించే లోకంలో సంభాషణతోనే కథ నడుపుతారు. ఫలితం తేలని చోట పాచికలు తీర్పు చెబుతాయి. నాటకానికీ పాచికలాటకూ నడుమ పుట్టిన ప్రక్రియ ఇది.

వీటిలో 1977లో అమెరికాలో మార్క్ మిల్లర్ రూపొందించిన 'ట్రావెలర్' ముఖ్యమైనది. అందులో ప్రతి గ్రహానికీ 'చట్ట స్థాయి' అనే అంకె ఒకటి ఉంటుంది. సున్న అయితే నిషేధాలే లేవు. ఒకటి అయితే విషవాయువులు, పేలుడు పదార్థాల వంటివి నిషిద్ధం. అంకె పెరిగేకొద్దీ మరతుపాకులు, దాచుకోదగిన చిన్న తుపాకులు, ఆపై తుపాకులన్నీ క్రమంగా నిషేధానికి లోనవుతాయి. తొమ్మిదికి చేరేసరికి ఇంటి వెలుపల ఏ ఆయుధమూ చేతబట్టరాదు. చక్కని ఏర్పాటే. కాని ఆ అంకెకు మరొక వినియోగం ఉన్నది. రెండు పాచికలు వేసి ఆ అంకెగాని, అంతకు మించిగాని పడితేనే యాత్రికుడు స్థానిక రక్షకభటుల వేధింపును, నిర్బంధాన్ని తప్పించుకోగలడు. లెక్క కడితే, చట్ట స్థాయి మూడయిన చోట 36 అవకాశాలలో 35 అతనికి అనుకూలం. తొమ్మిది అయిన చోట అనుకూలమైనవి పదే. చట్టం బలపడినకొద్దీ పరదేశికి ప్రమాదం పెరుగుతున్నదన్న మాట!

ఈ క్రీడలోని మౌలికమైన లోపం ఇక్కడే కనిపిస్తుంది. ఆ అంకె యాత్రికుడు ఏమి తేకూడదో చెబుతుంది. దోపిడికి గురైతే ఏ గడప తొక్కాలో చెప్పదు. చట్టమంటే నిషేధాల పట్టిక అన్న భావన వలస పాలకుల సుంకపు చావడికి తగినదే గాని, నాగరిక సమాజానికి చాలదు.

అయితే ఈ లోకంలో మరొక కల్పన మిక్కిలి ఫలవంతమైనది. ఏ గ్రహానికి చెందిన అంతరిక్ష నౌకాశ్రయమైనా ఆ గ్రహ ప్రభుత్వానికి గాక సామ్రాజ్యానికి లోబడి ఉంటుంది. దాని సరిహద్దు గీత దాటితే చట్టం మారిపోతుంది. అటు నేరమైనది ఇటు నేరం కాదు. క్రీడలోని కథలు ఎన్నో ఆ గీత మీదనే పుడతాయి. చరిత్ర చదివినవారికి ఇది అపరిచితం కాదు. చైనా రేవుపట్టణాలలో బ్రిటన్, అమెరికా అనుభవించిన ప్రత్యేక న్యాయాధికారం 1943 దాకా సాగింది. తెలుగునాట యానాం ఉండనే ఉన్నది. 1929 నాటి శారదా చట్టం బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలను నిషేధించినప్పుడు, ఫ్రెంచి ఏలుబడిలోని ఆ చిన్న ఊరికి పెళ్లి బృందాలు తరలివెళ్లాయి. పెద్దలకు ఆ గీత సౌకర్యం. పెళ్లిపీటల మీద కూర్చున్న పసిపిల్లకు మాత్రం అది ఉన్న రక్షణను కూడా తొలగించిన గీత. క్రీడా నిర్వాహకులు గీత దాటి తప్పించుకొన్నవాడి సాహసాన్నే తరచుగా చెబుతారు. గీతకు ఆవల చిక్కుకొన్నవారి కథ అరుదు.

ఆ రెండవ కథను కొంతవరకైనా చెప్పిన ఘనత 1993లో ఆరంభమైన 'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్' అనే టెలివిజన్ ధారావాహికది. దాని ఆధారంగా 1999లో పాత్రధారణ క్రీడ కూడా వెలువడింది. ఇందులోని కేంద్రం బజోర్ ప్రజలది. నిర్వహణ ఫెడరేషన్‌ది. తొలి సంవత్సరంలోని 'డాక్స్' అనే కథాభాగంలో, కేంద్రంలో పనిచేసే అధికారిణిని పాత హత్యానేరం మోపి మరొక గ్రహంవారు బలాత్కారంగా తీసుకుపోబోతారు. నేరస్థుల అప్పగింతకు ఫెడరేషన్‌తో వారికి ఒప్పందమున్నది, బజోర్‌తో లేదు. కేంద్రం బజోర్ భూభాగమే గనుక విచారణ లేకుండా ఎవరినీ పంపడానికి వీలులేదన్న వాదం నిలబడుతుంది. బజోర్‌కు చెందిన వృద్ధ న్యాయాధికారిణి ముందు విచారణ జరుగుతుంది. అధికార పరిధి అనే పొడి మాట ఒక మనిషిని ఎలా కాపాడగలదో ఇంత స్పష్టంగా చూపిన కథ ఈ కోవలో తక్కువ. అదే సంవత్సరంలోని 'ఎ మ్యాన్ అలోన్'లో రక్షణాధికారి ఓడో తనకు గిట్టని ఒక ఆగంతుకుణ్ణి, ఏ నేరమూ చేయకముందే, వెళ్లిపొమ్మని శాసిస్తాడు. ప్రేక్షకుని సానుభూతి ఓడో వైపే మొగ్గుతుంది. అతిథి భద్రతను చట్టానికి గాక ఒక మంచి అధికారి స్వభావానికి అప్పగించడం ఈ ధారావాహికకు కూడా తప్పని బలహీనత.

వాస్తవం కల్పనకు ఎంతో దూరాన లేదు. 1998 నాటి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఒడంబడిక ప్రకారం, ఎవరు నమోదు చేసిన భాగం మీద వారిదే అధికార పరిధి. నేరం చేసినవాడి మీద చర్య తీసుకొనే హక్కు ప్రధానంగా అతని స్వదేశానిది. బాధితుని దేశం ముందుగా సంప్రదింపులు జరపాలి. 90 దినాలలో ఆ స్వదేశం అంగీకరించినా, విచారణకు హామీ ఇవ్వకపోయినా, అప్పుడు తాను చర్య తీసుకోవచ్చు. అయితే ఈ నిబంధన భాగస్వామ్య దేశాలను దృష్టిలో ఉంచుకొని రాసినది. 2001లో సొంత ఖర్చుతో అక్కడికి వెళ్లిన తొలి యాత్రికుడు డెన్నిస్ టిటో, వస్తువేదైనా పగిలితే నష్టం చెల్లిస్తాననీ, అమెరికా భాగాలలో తోడు లేకుండా తిరగననీ ముందే ఒప్పుకోవలసి వచ్చింది. ట్రావెలర్‌లోని సరిహద్దు గీత నిజంగానే ఆకాశంలో గీయబడినట్లయింది. ఆ పత్రాలలో సైతం అతిథి చేయరానివే ప్రముఖం. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా అదే కేంద్రంలో అడుగుపెట్టారు. భారతదేశం ఆ ఒడంబడికలో భాగస్వామి కాదు. 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రాన్ని నెలకొల్పాలని మన దేశం సంకల్పించింది. అక్కడికి వచ్చే పరదేశి ఫిర్యాదును ఎవరు, ఏ భాషలో వినాలన్నది అప్పటికి ఎవరో ఒకరు కాగితం మీద పెట్టవలసిన సంగతే.