తోక పట్టే విద్య

దుండిగల్ వైమానిక దళ అకాడమీ చుట్టుపక్కల ఉండేవాళ్లకు శిక్షణ విమానాల చప్పుడు అలవాటే. మొన్న మేడ మీద నిలబడి ఒక చిన్న పిలాటస్ విమానం గిరికీలు కొడుతుంటే చూస్తున్నాను. పక్కింటి కుర్రాడు అడిగాడు: "అంకుల్, ఇప్పుడు మిసైల్ వంద కిలోమీటర్ల నుంచే కొడుతుంది కదా, ఇంకా ఇవన్నీ ఎందుకు?"

మంచి ప్రశ్న. అలాంటి మిసైల్ 'అస్త్ర' మన హైదరాబాద్‌లోనే తయారవుతోంది. శత్రువు కంటికి ఆనకముందే, రాడార్ తెర మీద చుక్కగా ఉండగానే వదలొచ్చు. ఒకరి తోక ఒకరు పట్టాలని ఆకాశంలో చుట్టూ తిరిగే డాగ్‌ఫైట్‌కు కాలం చెల్లిందనిపించడం సహజమే.

అమెరికా నావికాదళానికీ ఒకప్పుడు అలాగే అనిపించింది. ఫాంటమ్ విమానాన్ని తుపాకీ లేకుండానే తీసుకుంది. వియత్నాం యుద్ధంలో స్పారో మిసైళ్లు పదింట తొమ్మిది వృథా అయ్యాయి. ఎదురొచ్చేది ఎవరిదో తేల్చుకోకుండా పేల్చకూడదన్న నిబంధన ఒకటి. తేల్చుకోవాలంటే దగ్గరికి పోవాలి. దగ్గరికి పోతే శత్రువు తేలికపాటి మిగ్-17 చటుక్కున మలుపు తిరిగి వెనక్కి వచ్చేసేది. 1969లో మిరమార్‌లో టాప్‌గన్ బడి పెట్టి పైలట్లకు ఆ మలుపుల పోరాటం మళ్లీ నేర్పారు. అంతకుముందు తమది ఒకటి కూలితే రెండు మూడు మిగ్‌లను కూల్చినవాళ్లు, యుద్ధం చివరి దశలో పన్నెండు దాకా కూల్చారు. నావికాదళపు ఫాంటమ్‌లలో అప్పటికీ తుపాకీ అమర్చలేదు. మారింది పైలట్లే.

అది పాత కథ అంటారేమో. 2017 జూన్ 18న సిరియా మీద అమెరికా యుద్ధవిమానం సూపర్ హార్నెట్ ఒక సిరియా సుఖోయ్-22ను కూల్చింది. ముందు దగ్గరికి వెళ్లి హెచ్చరించారు. తర్వాత వదిలిన సైడ్‌వైండర్ మిసైల్ గురి తప్పింది, రెండోసారి వదిలిన వేరే రకం మిసైల్ తగిలింది. అంతా కంటికి కనిపించే దూరంలోనే.

అయినా నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటుంది. సాధారణంగా మిసైల్ మోటారు మండేది కొన్ని సెకన్లే. ఆ తర్వాత ఉన్న వేగంతోనే అది దూసుకురావాలి. ఎప్పుడు తిరగాలో, ఎంత ఎత్తు వదులుకుని ఎంత వేగం కొనుక్కోవాలో తెలిసిన పైలట్ దాని ఊపు చచ్చేదాకా పరిగెత్తించగలడు. 9 జీ (గురుత్వాకర్షణకు తొమ్మిది రెట్లు) మలుపులో 70 కిలోల మనిషి 630 కిలోలవుతాడు. చూపు మసకబారుతుంటే కాళ్లు బిగించి, ఊపిరి బిగబట్టి, మెడ తిప్పి చూడాలి. సిమ్యులేటర్ చాలా నేర్పుతుంది కానీ, ఈ బరువును మోయించలేదు. తోక పట్టడానికి నేర్చిన విద్యే తప్పించుకోవడానికీ పనికొస్తుంది.

అందుకే ఆ కుర్రాడికి నేను చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. విమానం కొనేటప్పుడు మొదట రాడార్, మిసైల్ చూడాలి, మలుపులు తర్వాతే. పైలట్ శిక్షణలో మాత్రం, ఖర్చు పేరు చెప్పి ఈ గిరికీల గంటలను దయచేసి కోయకండి.