గులాబీకి అక్టోబరు కత్తిరింపు

చలిదేశాల్లో గులాబీ కొమ్మలు మంచుకు మాడిపోతాయి. అందుకే అక్కడ చలి తగ్గాక, వసంతంలో కత్తిరిస్తారు. ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్‌కు దక్షిణాన ఉన్న అభన్‌పూర్ ప్రాంతంలో ఆ బెడద లేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లోనూ ఉష్ణోగ్రత సగటున 12–13 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఇక్కడ గులాబీని కుంగదీసేది వానాకాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తడి ఆరని ఆకులను నల్లమచ్చ తెగులు రాలుస్తుంది. స్థానికులు కన్హార్ అని పిలిచే నల్లరేగడిలో నీరు నిలిచి వేర్లు నీరసిస్తాయి. బలం తగ్గిన కొమ్మలకు ఎండు తెగులు సోకుతుంది. ఈ నష్టాన్ని సరిదిద్దడానికి వానలు పూర్తిగా ఆగి, రాత్రులు చల్లబడే అక్టోబరు రెండో పక్షం అనువైన కాలం. ఆంధ్ర, తెలంగాణ మైదానాల్లోనూ కత్తిరింపులు దాదాపు ఇదే అదనులో చేస్తారు.

మొదట తీయవలసినవి ఎండిన కొమ్మలు. ఎండు తెగులు కొమ్మ కొస నుంచి కిందికి నల్లగా దిగుతుంది. పైకి పచ్చగా కనిపించే భాగంలోనూ శిలీంద్రం ఉండవచ్చు. అందువల్ల లోపలి బెండు గోధుమరంగు పోయి తెల్లగా కనిపించేదాకా కిందికి కోస్తూ పోవాలి. ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, పెన్సిలు కన్నా సన్నని బలహీనపు రెమ్మలు తర్వాత తీసేయాలి. అంటు కట్టిన చోటికి దిగువన వేరుమూలం నుంచి లేచే పిలకలను కోస్తే మళ్లీ వస్తాయి. మన్ను తొలగించి, పుట్టిన చోటనే పీకేయాలి.

మిగిలిన కొమ్మలను ఎంత తగ్గించాలన్నది రకాన్ని బట్టి ఉంటుంది. పెద్ద పూల హైబ్రిడ్ టీ రకాల్లో నాలుగైదు బలమైన కొమ్మలను ఉంచి, నేలనుంచి 45 సెంటీమీటర్ల ఎత్తుకు తగ్గిస్తారు. గుత్తులుగా పూసే ఫ్లోరిబండాలను అంతకన్నా తేలికగా కత్తిరిస్తారు; తీగ గులాబీల్లో ఎండిన, ముదిరిన కొమ్మలను మాత్రమే తీస్తారు. కోత బయటి వైపు చూసే చిగురు కన్నుకు అర సెంటీమీటరు పైన, కన్నుకు ఎదుటి వైపుకు వాలుగా ఉండాలి. అప్పుడు నీరు కన్ను మీదికి జారదు. కొత్త చిగురు బయటికి సాగి, పొద మధ్యకు గాలీ వెలుతురూ అందుతాయి. కత్తెర పదునుగా లేకపోతే కొమ్మ నలిగి, ఆ నలిగినచోటే తెగులు పడుతుంది.

కోసిన వెంటనే గాయాలకు బోర్డో పేస్టు పూయాలి. 100 గ్రాముల మైలుతుత్తాన్ని, 100 గ్రాముల సున్నాన్ని ప్లాస్టిక్ పాత్రల్లో అరేసి లీటరు నీటిలో విడివిడిగా కరిగించి కలిపితే అది తయారవుతుంది. ఇనుప పాత్రలను మైలుతుత్తం తినేస్తుంది. తెగులు కొమ్మలను, రాలిన ఆకులను ఏరి కాల్చాలి. మొదళ్ల చుట్టూ మన్ను గుల్లచేసి, బాగా మాగిన పశువుల ఎరువు వేసి నీరు పెట్టాలి.

గులాబీ కొత్త చిగురు కొసనే పూస్తుంది. కొమ్మ కొస తెగగానే కింద నిద్రాణంగా ఉన్న కళ్లు మేల్కొని, సుమారు 45–50 రోజుల్లో పూతకు వస్తాయి. అంటే అక్టోబరులో కత్తిరించిన మొక్క డిసెంబరులో పూస్తుంది. ఎండాకాలంలో పూలు చిన్నవై, రంగు వెలిసి, త్వరగా రాలిపోతాయి; చల్లని రోజుల్లో మొగ్గ నింపాదిగా విప్పుకుని, పువ్వు పెద్దదై, చెట్టు మీద ఎక్కువ రోజులు నిలుస్తుంది. తెగులును తొలగించడం, పూతను ఏడాదిలోకెల్లా మంచి కాలానికి తేవడం ఒకే పనితో నెరవేరుతాయి. అక్టోబరు కత్తిరింపు విలువ అదే.