'మునెమ్మ': ఒక పల్లెటూరి హత్యను చదవడం ఎలా?

నవలలో ఇతివృత్తానికీ పాత్రకూ ఉండే సంబంధాన్ని పరీక్షించి చూడడానికి హత్య ఉన్న నవల బాగా పనికొస్తుంది. హత్య జరిగిందని తెలిస్తే చాలు, మనం పేజీలు గబగబా తిప్పుతాం. ఎవరు చంపారో తెలియగానే పుస్తకం మూసేస్తాం. డాక్టర్ కేశవరెడ్డి 'మునెమ్మ'ను అలా చదివి రాసిన జవాబు పత్రాలు నేను చాలా దిద్దాను. కథంతా వరుసగా ఉంటుంది, తప్పు పట్టడానికి ఉండదు. మునెమ్మ మాత్రం అందులో ఎక్కడా కనిపించదు.

కేశవరెడ్డి (1946–2015) చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠువ్యాధి వైద్యుడిగా పనిచేశారు. 'అతడు అడవిని జయించాడు' మీలో కొందరు చదివే ఉంటారు. 'మునెమ్మ' చతుర మాసపత్రికలో వెలువడి, 2008లో పుస్తకంగా వచ్చింది. చిన్న నవల, ఒక్క పూటలో చదివేయవచ్చు.

మునెమ్మ రైతు ఇంటి ఇల్లాలు. ఆ ఇంట్లో బొల్లిగిత్త ఉంది. దానికీ ఆమెకూ ఉన్న చనువును మగడు సహించలేడు. గిత్తను కొడతాడు, ఆమెనూ కొడతాడు. చివరికి దాన్ని అమ్మేయడానికి తోలుకుపోతాడు. గిత్త ఒంటరిగా తిరిగి వస్తుంది, మనిషి రాడు. మునెమ్మ ఆ గిత్తనే వెంటబెట్టుకుని, సినబ్బ అనే కుర్రవాణ్ని తోడు తీసుకుని మగణ్ని వెతకడానికి బయలుదేరుతుంది. మనకు కథ చెప్పేది ఈ సినబ్బే.

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతపు విద్యార్థులకు గిత్త రాకను విడమరచి చెప్పనక్కరలేదు. మా చెవిటికల్లులో ఇంటింటా ఎడ్లున్న రోజుల్లో, మేతకు పోయిన గొడ్డు పొద్దుగూకే వేళకు తనంత తానే కొట్టానికి చేరేది. తల తిప్పి చూసేవాళ్లు కూడా ఉండరు. అమ్మడానికి తోలిన గొడ్డు, తోలుకెళ్లిన మనిషి లేకుండా వస్తే మాత్రం వాకిట్లో కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడతారు. ఒక్క మాటా లేకుండా కీడు ఇంటికి చేరింది. పట్నపు డిటెక్టివ్ నవలలో ఈ పని ఉత్తరమో ఫోనో చేస్తుంది.

కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ సాధారణంగా తనకు చుట్టరికం లేని ఇంటికి వెళ్తాడు. ఆ దూరం అతనికి బలం. కానన్ డాయిల్ 1892లో ప్రచురించిన 'సిల్వర్ బ్లేజ్' కథలో షెర్లాక్ హోమ్స్, రాత్రి కుక్క మొరగలేదన్న ఒక్క విషయం పట్టుకుని రహస్యం విప్పుతాడు. చివరికి ఆ మనిషి చావుకు కారణం గుర్రమని తేలుతుంది. హోమ్స్‌కు ఆ కుక్కతోగానీ గుర్రంతోగానీ పూర్వపరిచయం లేదు. అతనికి అవి ఆధారాలు, అంతే.

మునెమ్మ పరిశోధన దీనికి ఎదురు దిక్కున నడుస్తుంది. గిత్త ఎక్కడ బెదిరింది, ఎటు లాగింది అన్నది ఆమెకు తెలియడం తర్కం వల్ల కాదు, దాన్ని సాకడం వల్ల. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మగడు ఏ చనువును చూసి రగిలిపోయాడో, ఏ చనువు కోసం ఇద్దర్నీ కొట్టాడో, అతని చావు సంగతిని బయటికి లాగేది ఆ చనువే. ఇతివృత్తంలోని ఆధారమూ పాత్రలోని స్వభావమూ ఇక్కడ ఒకే వస్తువు. ఒకదాన్ని వదిలి రెండోదాన్ని రాయలేరు.

మరి తనను కొట్టిన మగడి కోసం ఆమె ఎందుకు తిరగాలి? ఈ నవలపై జరిగిన వాదమంతా దాదాపు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. స్వతంత్ర స్త్రీ అని మెచ్చుకున్నవాళ్లున్నారు, పాత పతివ్రతకే కొత్త చీర కట్టారని కోప్పడినవాళ్లూ ఉన్నారు. రెండో మాటలో కొంత నిజముందని నా అభిప్రాయం. అయినా ఒక సంగతి చూడండి. మగడు తిరిగి రాక, పోయాడనీ తెలియక ఉన్న స్త్రీ పల్లెలో ముత్తైదువా కాదు, విధవా కాదు. బొట్టు, తాళి, పేరంటం, పొలం మీద హక్కు, అన్నీ ఆ ఒక్క జవాబు మీద ఆగిపోతాయి. నిజం తెలుసుకోవడం ఆమె బతుకు అవసరం. ప్రేమ సంగతి తరవాత.

నవలలో నాకు లోటుగా తోచేది హంతకుల చిత్రణ. వాళ్లలో ఒకణ్ని తరుగులోడు అంటారు. మన మెట్టలో తరుగు అంటే తూకంలో కోసే కోత; మిర్చి అమ్మిన ఇంట ఎవరినడిగినా చెబుతారు. చిత్తూరు మాటలో తరుగులోడంటే పశువుల బేరం కుదిర్చే దళారి. అర్థం పొరబడకండి. అతను వృత్తిగానే మిగిలాడు, మనిషి కాలేదు. నేరం కూడా హంతకుల దగ్గరే ఆగిపోయి, ఊరు చేతులు కడుక్కుంటుంది. మార్క్వెజ్ 1981 నాటి 'క్రానికల్ ఆఫ్ ఎ డెత్ ఫోర్‌టోల్డ్'లో హత్య జరగబోతోందని ఊళ్లో దాదాపు అందరికీ ముందే తెలుసు, అందుకే అందరూ జవాబుదారులే. కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో సీతారాముడు తన బిడ్డనే చంపుకున్నప్పుడు సుందరపాలెంలో తల ఎత్తగలిగినవాడు లేడు. ఆ బరువు 'మునెమ్మ'లో లేదు. శిక్ష వేసే పని గిత్త మీద పెట్టడం కూడా కథను కొంత తేలిక చేసింది. పోలీసు స్టేషను, కోర్టు ఆమెకు ఎంత దూరమో చెప్పడానికి అది పనికొచ్చిందని మీరు వాదించవచ్చు. వాదిస్తే మార్కులు తగ్గవు.

యాస కష్టమని మాటలు దాటవేయకుండా రెండోసారి చదవండి. పెన్సిలు పట్టుకుని, సినబ్బ చూసి కూడా గ్రహించని విషయాన్ని మునెమ్మ గ్రహించిన ప్రతిచోటా గీత పెట్టండి. అభ్యాస పత్రంలో అలాంటి రెండు చోట్లను తీసుకుని రాయండి. కథాసంగ్రహం అర పేజీ దాటనివ్వకండి.